ఆరు అంగుళాల అవసరం

ఆంధ్రదేశంలో దెబ్బ తగిలిన ప్రతి మోకాలికీ కట్టు కట్టింది మా యామిని వదినే. అదీ రాజపాళయం పొలిమేర దాటకుండా, ఒక చేత్తో దోసె తిప్పుతూ, ఇంకో చేత్తో కూతురి జడ అల్లుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని. ఒంగోలు దిక్కున ఎవరైనా సైకిల్ మీంచి పడితే, లేచే ముందు మా ఊరి వైపు తిరిగి ఒక దండం పెడతారట. నేను చూడలేదు. కానీ పెట్టకపోవడం కూడా ఎవరూ చూడలేదు కదా.

వదిన అంటే మా రాఘవన్ అన్న భార్య. సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే ఒక కంపెనీలో చెకింగ్ సెక్షన్‌లో పని. మగ్గం దిగిన గుడ్డను వెలుతురుకు ఎదురుగా పరిచి, ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక పడింది అని చూడాలి. వదిన కన్ను ఎలాంటిదంటే, చందమామను తెచ్చి ఆ బల్ల మీద పెట్టినా "మరక ఉండాది, పక్కన పెట్టండి" అంటుంది.

ఆ ఉద్యోగంలో ఒకటే చిక్కు, షిఫ్టులు. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. అన్న స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టర్, ఆయనకూ షిఫ్టులే. ఆలుమగలిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారనడానికి రేషన్ కార్డు తప్ప వేరే సాక్ష్యం లేదు. మధ్యాహ్నం షిఫ్టు వారాల్లో కూతురు జీవిత వదినకు నిద్రపోతూనే కనిపించేది. నాలుగో తరగతి పిల్ల, మాట్లాడాల్సినవి పేరుకుపోతే చీటీలు రాసి పెట్టేది. ఒకసారి ఇలా రాసింది: "అమ్మా, పన్ను ఊడింది. టంబ్లర్‌లో వేసినాను. చూడకుండా నీళ్ళు తాగొద్దు." వదిన ఆ చీటీ చదివింది తాగిన తర్వాతేనని ఊరంతా చెప్పింది నేనే.

కాబట్టి వదినకు కావలసింది ఒకటే. జనరల్ షిఫ్టు. తొమ్మిదికి పోయి ఐదున్నరకు ఇంటికి వచ్చేది. ఆఫీసులో కూర్చునే వాళ్ళకే అది దక్కుతుంది.

ఆ అదృష్టం ఒంగోలు నుంచి వచ్చింది. అక్కడి మందుల డీలర్ ఒకాయన మా బ్యాండేజీ మెచ్చి ఆర్డర్లు పెట్టసాగాడు. మొదలాళి, అంటే కంపెనీ యజమాని, సెంథిల్‌కుమార్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. "మన దగ్గర తెలుగువాళ్ళు ఎవరు?" అని అడిగాడు. ఇంటింటా తెలుగు వినిపించే రాజపాళయం పక్కన నిలబడి ఆ ప్రశ్న అడగడం చెరువులో నిలబడి నీళ్ళెక్కడ అని అడగడమే. చేతులు చాలా లేచాయి. వదిన చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఫ్యాను తగలబోయిందని పాండీశ్వరి చెప్పింది. పాండీశ్వరి అంటే చెకింగ్‌లో వదిన పక్క బల్ల, ప్రాణస్నేహితురాలు, ఈ కథలో నేను కళ్ళారా చూడని సగానికి సాక్షి.

"మూడు నెలలు జనరల్ షిఫ్టు ఇచ్చి చూస్తాను. ఒక్క గొడవ రాకుండా నడిస్తే ఖాయం. వస్తే మళ్ళీ బల్ల దగ్గరికే" అన్నాడు మొదలాళి.

ఒంగోలు తరఫున మాట్లాడేది శేషారత్నం అనే ఆమె. మొదటి ఫోనులోనే ఆమెకు అనుమానం వచ్చింది.

"మీది చిత్తూరు వైపా అమ్మా?"

"లేదండి, రాజపాళయం. తమిళనాడు."

"మరి తెలుగు ఎప్పుడు నేర్చుకున్నారు?"

"నేర్చుకోలేదండి. వచ్చేటప్పుడు తెచ్చుకున్నాము. మధుర నాయక రాజుల కాలంలో."

"అబ్బో! అయితే మీ తెలుగు కొంచెం మారిందిలెండి."

"మాది అట్లే ఉండాది. మీరే మార్చుకున్నారు" అంది వదిన.

శేషారత్నం పకపకా నవ్వింది, ఆ నవ్వుతో ఇద్దరికీ స్నేహం కలిసింది. రెండు నిమిషాలు అంగుళాలు, మీటర్లు. ఐదు నిమిషాలు పిల్లలు, అత్తలు. శేషారత్నానికీ కూతురే, ఆమెకూ పరుగులే. ఎవరి ఇంట్లో దోసెపిండి పులిసిపోయిందో, ఎవరి అత్త అలిగిందో రెండు రాష్ట్రాల మధ్య రోజూ సమాచారం అందేది. మా అమ్మ చెల్లమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని అంతా వినేది. "ఏమే, ఆ ఒంగోలామె అత్తకు మోకాలి నొప్పి తగ్గిందా, అడుగు" అని సందేశాలు కూడా పంపేది.

రెండు నెలలు పువ్వులా నడిచింది. మూడో నెల మొదట్లో ఒక సోమవారం పొద్దున, కుక్కర్ నాలుగో కూతకు వచ్చే వేళ ఫోను వచ్చింది. శేషారత్నం గొంతు హడావిడిగా ఉంది.

"అమ్మా యామినీ, ఆ ఆరు అంగుళాల బ్యాండేజీ ఆర్డరు ఉంది చూడండి, అది మాకు ఇప్పుడు అవసరం లేదు."

"అవసరం లేదా?"

"లేదమ్మా. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అనుకునేదానికి ఏముండాది? మీకు అవసరం లేదంటే మాకూ నిమ్మళమే."

శేషారత్నం పొంగిపోయింది. ఆర్డరు రద్దు చేస్తే నిమ్మళమనే మనిషిని ఆమె అంతవరకు చూడలేదు. పాపకు జ్వరమని ఆ వెంటనే రెండు వారాలు సెలవు పెట్టి వెళ్ళింది. ఆ కంగారులో రద్దు మాట కాగితం మీద రాసి పంపనూ లేదు.

ఇక్కడ గుమ్మంలోంచి అమ్మ తీర్పు చెప్పింది. "అవసరం లేదని చెప్పినారు కదా, కూర్చుని మెల్లగా తినిపో."

మా ఊళ్ళో అవసరం అంటే తొందర. అంబులెన్సు పోతే "అవసరంగా పోతా ఉంది" అంటాం. తమిళం పక్కన ఐదు వందల ఏళ్ళు కాపురం చేసిన మాట మరి, మొగుడి గుణం రాకుండా ఉంటుందా? వదిన ఆఫీసుకు పోయి మొదలాళితో తమిళంలో చక్కగా చెప్పింది: "ఒంగోలుకు అవసరం ఇల్లయామ్ సార్." అంటే తొందర లేదంట అని.

"అయితే నిదానంగా, మంచిగా నేయమను" అన్నాడాయన.

ఆరు మగ్గాలు పన్నెండు రోజులు నేశాయి. తొందర లేదు కాబట్టి ప్రతి గజమూ వదినే స్వయంగా చూసింది. ఆ గుడ్డ ఎంత బాగా వచ్చిందంటే, దాన్ని కట్టించుకోవడానికని ఇద్దరు ముగ్గురు కావాలనే కాలు విరగ్గొట్టుకుందామా అని ఆలోచించారు. చుట్టలు కట్టి, ఒంగోలు డీలర్ పేరు అచ్చువేసిన కవర్లలో పెట్టారు. ఇక వేరెవరికీ అమ్మడానికి లేదు.

లారీ వచ్చిన రోజు మధ్యాహ్నం వదిన ఫోను చేసింది. "అండీ, లారీ రేపు బయలుదేరతా ఉంది."

"ఏ లారీ?"

"మీ ఆరు అంగుళాలది."

"అదేంటమ్మా, అవసరం లేదని చెప్పాను కదా!"

"అవునండి, అవసరం లేదని చెప్పినారు. అందుకే మెల్లగా చేసినాము."

శేషారత్నం చిన్నగా అడిగింది. "యామినీ, మీ ఊళ్ళో అవసరం అంటే ఏమిటి?"

వదిన చెప్పింది. శేషారత్నం తన ఊరి అర్థం చెప్పింది, పాప జ్వరంలో కాగితం రాయలేకపోయాననీ చెప్పింది.

మూడు నెలలకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

పాండీశ్వరి టిఫిన్ డబ్బా మూత పెట్టకుండానే ఉపాయం చెప్పింది. "ఏయ్, ఆమె కాగితం పంపలేదు కదా? వద్దని మాకెవరూ చెప్పలేదు అనేయ్. తప్పు ఒంగోలు మీద పడుతుంది. నువ్వేమన్నా ఆమె ముఖం చూసినావా?"

"ముఖం చూడలేదు. ఆమె బిడ్డకు ఆ పొద్దు జ్వరం. అందుకే కాగితం రాయలేదు. ఇట్లా చెప్తే ఆమె పని పోతుంది."

"చెప్పకపోతే నీ షిఫ్టు పోతుంది!"

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ కూడా పాండీశ్వరి పక్షమే. "అవసరం అంటే అవసరమే. తెలుగు తెలియనిది ఆమెకు" అని తేల్చేసింది. అన్న ఇంట్లో ఉన్నాడు, అదే పెద్ద వింత. ఇంకో ఇడ్లీ వేసుకున్నాడు. జీవిత లెక్కల నోటు ముందు పెట్టుకుని, "అమ్మా, వచ్చే వారం కూడా నువ్వే చెప్పిస్తావు కదా?" అని అడిగింది. వదిన ఆరో లెక్కలో తప్పు చూపించింది. ఆరో లెక్కలో తప్పు లేదు.

మరునాడు నేరుగా మొదలాళి గదిలోకి పోయింది. పాండీశ్వరి ఏదో గుడ్డ చూపించే నెపంతో వెనకే దూరింది.

"సార్, ఒంగోలు వాళ్ళు ఆర్డరు వద్దని చెప్పినారు. నేనే తప్పుగా విన్నాను."

"ఏమని చెప్పారు?"

"అవసరం లేదని."

"నువ్వూ అదే కదా నాతో చెప్పావు. ఇందులో తప్పేముంది?"

"వాళ్ళ అవసరం అంటే కావాల్సి ఉండడం సార్. అర్జెంటు కాదు."

"మరి అర్జెంటును ఏమంటారు?"

"తొందర."

మొదలాళి కళ్ళజోడు తీశాడు. తమిళంలో తొందరవు అంటే ఇబ్బంది, పీడ. "అంటే కావాలి అంటే అర్జెంటు, అర్జెంటు అంటే పీడ. ఏం జనమమ్మా మీరు!" అని, కోపం వచ్చి బల్ల మీద గుద్దాడు. "వద్దు. ఇక నువ్వు మాట్లాడొద్దు. సోమవారం నుంచి బల్ల దగ్గరికి పో. రెండు మాటలే కదా, నేనే మాట్లాడతాను."

ఫోను స్పీకర్‌లో పెట్టాడు. ఇబ్బంది పెట్టినందుకు మన్నించమని ముందు మర్యాదగా అందామనుకున్నాడు. అప్పుడే నేర్చుకున్న తెలుగు నాలుక చివర వేడివేడిగా ఉంది.

"అమ్మా, మా వల్ల మీకు చాలా తొందర."

అటువైపు శేషారత్నం తడబడింది. "మాకేం తొందర లేదు సార్."

మొదలాళి ముఖం వెలిగింది. ఠక్కున ఫోను పెట్టేశాడు. "చూశారా? ఏ ఇబ్బందీ లేదంట! విషయం ముగిసింది. లారీ పంపించండి."

వదిన పాండీశ్వరిని చూసింది. పాండీశ్వరి వదినను చూసింది. ఆఖరికి పాండీశ్వరే నోరు తెరిచింది. "సార్, ఆమె చెప్పింది మన తొందరవు కాదు. మన అవసరం."

"అవసరం అంటే కావాలి అని ఇప్పుడే కదా చెప్పింది ఈవిడ!"

"అది వాళ్ళ అవసరం సార్. ఇది మన అవసరం."

అంతలో ఫోను మోగింది. శేషారత్నమే. మొదలాళి ఫోనును పామును చూసినట్టు చూసి, వదిన వైపు తోశాడు.

"యామినీ, మీ సార్ మధ్యలో పెట్టేశారేంటి? రాసి పంపకపోవడం నా తప్పేనని మా ఓనర్‌తో చెప్పేశాను. నాలుగు చీవాట్లు పెట్టాడు. తర్వాత, ఎలాగూ వానలొస్తే మా రోడ్ల మీద జనం పడతారు కదా, సగం పంపమను, మిగతా సగం రెండు నెలల తర్వాత అన్నాడు. తొందర లేదు. అంటే మీ అవసరం లేదు. నా మాట అర్థమవుతోందా?"

"అర్థమయింది. రాసి పంపండి" అంది వదిన.

ఆ తర్వాత ఏం జరిగిందో మా ఊరంతటికీ నేను చెప్పినదే చెప్తున్నాను. మొదలాళి లేచి నిలబడి, తన కుర్చీని తానే తుడిచి, వదినను కూర్చోబెట్టి, "అమ్మా, జనరల్ షిఫ్టు నీకు ప్రాణమున్నంత వరకు" అన్నాడు. ఆరు మగ్గాలూ ఒక్కసారిగా ఆగి చప్పట్లు కొట్టాయి.

ఇదంతా రాసి వదినకు చదివి వినిపించాను. జీవిత లెక్కలు దిద్దుతూ, తల ఎత్తకుండా విన్నది.

"కుర్చీ ఇయ్యలేదు. ఇంకో మూడు నెలలు జనరల్ షిఫ్టు ఇచ్చి చూస్తామని చెప్పినారు, అంతే."