ఎడమచెయ్యి

"అమ్మమ్మా, కాస్ట్ మీద సైన్ చెయ్యవా?" అంటూ అమెరికాలోని క్యారీ ఊళ్ళో మా మనవరాలు విరిగిన చెయ్యి చాపింది. ఆ పిండికట్టు చూడగానే నేను పెరిగిన అనాథాశ్రమం గుర్తొచ్చింది.

నాకప్పుడు పదకొండేళ్ళ నాలుగు నెలలు. మర్నాడు నన్ను బడి మాన్పించి ఒకరింట్లో పనికి పంపాలి. ఆ సాయంత్రం మాలో పెద్దదైన రత్తమ్మ నన్ను కట్టెల కొట్లోకి ఈడ్చి, రోకలెత్తింది.

"కదలకే! కదిలితే కుడిచేతికి తగులుద్ది!"

ఎడమచెయ్యి రెండుచోట్ల విరిగింది.

తీసుకెళ్ళడానికి వచ్చినావిడ "అవిటిది నాకెందుకు?" అని, రత్తమ్మను తీసుకెళ్ళింది. కడుపునిండా తిండి దొరికే చోటికి తాను పోవడానికే నన్ను కొట్టిందని అప్పట్లో అనుకున్నాను. నేను బడిలోనే మిగిలి, లెక్కలు చదివి, ఈ దేశంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు అకౌంటెంటుగా పనిచేశాను.

కాస్ట్ మీద 'రత్తమ్మ' అని రాశాను.

"హూ ఈజ్ దట్, అమ్మమ్మా?"

"నన్ను చదివించినావిడ."