నోట్లో ఆకువక్క ఉన్నంతసేపూ

ఈరన్న పోయాడు.

నిన్న పొద్దున వాట్సాప్‌లో ఎవరో పూలదండ బొమ్మ పెట్టారు. దాని కింద వాడి ఫోటో. కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. చల్లారిపోయింది. తాగబుద్ధి కాలేదు.

తర్వాత కామెంట్లు చదివాను. ఒళ్లు మండింది.

'మృదుస్వభావి.' 'ఎవరినీ నొప్పించని మనిషి.'

ఎవరు? ఈరన్నా?

మీరెవరూ వాడికి మీ రాతలు చూపించి ఉండరు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆఫీసులన్నీ గుడారాల్లోనే. ఆలూరు నుంచి ఈరన్న, బద్వేలు నుంచి నేను, కడప నుంచి సుబ్బరాయుడు, ఓబులేసు. నలుగురం గుమాస్తాలం. పైన ఎండ, లోపల ఉడుకు. పని తక్కువ, పొగరు ఎక్కువ.

ఆ పొగరుతోనే ఒక దెయ్యాల గొలుసు నవల మొదలుపెట్టాం. వంతులవారీగా తలా ఒక అధ్యాయం.

రూలు పెట్టింది ఈరన్న. రాసినవాడు తన అధ్యాయం తాను చదవకూడదు, ఇంకొకడు చదవాలి. రాసినవాడు నోటినిండా ఆకువక్క వేసుకుని కూర్చోవాలి. అందరూ చెప్పడం అయ్యేదాకా ఉమ్మకూడదు. అంటే నోరు విప్పకూడదు.

నేను చూసినంతలో రచయితల నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

మొదటి వంతు సుబ్బరాయుడిది. తెల్లచీర, విరబోసిన జుట్టు, ఘల్లుఘల్లుమని గజ్జెలు. ఊళ్లో ఉన్న దెయ్యాల సామానంతా మోసుకొచ్చాడు.

ఈరన్న నెమ్మదిగా అడిగాడు.

"ఏమప్పా సుబ్బరాయుడూ, నీ దెయ్యం చీర యాడ ఉతుక్కుంటాండాది? అంత తెల్లగా ఎట్లుండాది? మా పక్క తాగేకే నీళ్లు ల్యావు."

సుబ్బరాయుడు తట్టుకోలేకపోయాడు. నోట్లో ఉన్నదంతా గుడారం గుడ్డ మీద ఉమ్మేసి తిట్లు లంకించుకున్నాడు. మరునాడు ఆ ఎర్రటి మరక చూసి మా సూపరింటెండెంట్ ఎవరినైనా పొడిచారేమోనని వణికిపోయాడు.

మా నవల వల్ల ఒక మనిషి నిజంగా భయపడింది ఆ ఒక్కసారే.

తర్వాత ఈరన్న వంతు వచ్చింది. కాగితాలు నా చేతిలో పెట్టి, పక్కకు పిలిచి చెప్పాడు.

"మెల్లగా సదువప్పా. అది మా యమ్మ. కరువులో నీళ్లకని బావిలోకి దిగి మళ్లీ రాల్యా. ఫోటో గూడా ల్యాదు. మొగం మర్సిపోతానేమోనని రాసుకున్యా."

"వాళ్లకూ చెప్పు మరి" అన్నాను.

"వద్దు. చెప్తే జాలిపడి బాగుందంటారు."

మాట తీసుకున్నాడు. ఆకువక్క వేసుకుని కూర్చున్నాడు. నేను చదివాను.

వాడి దెయ్యం మిట్టమధ్యాహ్నం వస్తుంది. ఎండిపోయిన బావిలో బొక్కెన వేసి చేదుతుంది. వట్టి బొక్కెన పైకి వస్తుంది. మళ్లీ వేస్తుంది. దారిన పోయేవాళ్లను ఒకటే అడుగుతుంది. "మీ ఇంట్లో అందురూ తాగినారా?"

అంతే. ఎవరినీ ఏమీ చెయ్యదు.

చదవడం అయింది. కాగితాలు చేతిలోనే పట్టుకుని వాళ్ల వైపు చూశాను.

"దీంట్లో భయం యాడుండాదిప్పా? నీళ్లు చేదే ఆడమనిషిని చూసి ఎవురు జడుసుకుంటారు?" అన్నాడు సుబ్బరాయుడు.

"గోర్లన్నా పెట్టుంటే బాగుండు" అన్నాడు ఓబులేసు.

గోళ్లట! వాళ్లమ్మకు!

"ఒక్క అక్షరం కూడా ముట్టుకోవద్దు" అన్నాను నేను. అసలు సంగతి చెప్పేయాలని నాలుక దురద పెట్టింది. మాట ఇచ్చానని ఊరుకున్నాను.

ఈరన్న దవడ కదలడం ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వక్క ఘాటు అనుకున్నారు ఆ ఇద్దరు తెలివిగలవాళ్లు. వాడు మాత్రం ఉమ్మలేదు. వాళ్ల చెత్తంతా చివరిదాకా విన్నాడు.

తర్వాత బయటికి పోయి ఉమ్మేసి వచ్చాడు.

"సరేప్పా. ఇద్దురు వద్దంటాండారు. తీసేస్తా."

నా చేతిలోంచి కాగితాలు లాక్కుని, చించి, టీ బంకు పొయ్యిలో వేశాడు. ఆ మంట మీద కాగిన టీనే సుబ్బరాయుడు ఊదుకుంటూ తాగాడు.

నవల అచ్చయింది. గోళ్లతో, గజ్జెలతో. కొన్నాళ్లకు బజారులో బొరుగుల పొట్లాలుగా కనబడింది. బొరుగులు బాగున్నాయి.

నిన్న రాత్రి సుబ్బరాయుడు పోస్ట్ పెట్టాడు. 'మేమిద్దరం కలిసి సృష్టించిన అద్భుత నవల' అట. సుబ్బరాయుడూ, ఇది చదువుతున్నావని తెలుసు. లైక్ మాత్రం కొట్టకు.

నిన్న మధ్యాహ్నం ఈరన్నను చూసి వచ్చాను. మా పక్క ఆనవాయితీ ప్రకారం ఆకువక్క దంచి నోట్లో పెట్టారు. చుట్టూ నిలబడి అందరూ పొగుడుతున్నారు. ఒక్కడన్నా ఒక్క నిజం చెప్పలేదు.

అందుకని నేను చెబుతున్నాను.

ఈరన్నా, నీ నోట్లో ఆకువక్క ఉంది. రూలు నీదే. మాట్లాడకు, విను.

విమర్శ నోరు మూసుకుని వినాలన్నావు. ఒప్పుకున్నా. విన్నదంతా చెయ్యాలని ఎవడు చెప్పాడు నీకు? ఇద్దరు మొద్దుల కోసం మీ అమ్మను పొయ్యిలో పెట్టావు. నేనొకణ్ణి ముట్టుకోవద్దన్నది నీ చెవికెక్కలేదు. అది తప్పు. ఇన్నేళ్లయినా తప్పే.

మొత్తం నవలలో బతికింది ఆ అధ్యాయమొక్కటే. ఎనభై దాటాను. ఇప్పటికీ మధ్యాహ్నం కుళాయి తిప్పి నీళ్లు రాకపోతే ఆమె గొంతు వినబడుతుంది. నువ్వు కాల్చింది కాగితాలనే.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఇంక ఉమ్మెయ్.

పోయిరాప్పా. బావికాడ ఆమె అడుగుతాది. అందురమూ తాగినామని చెప్పు. చెప్పి, ఆమె పక్కనే నెమ్మదిగా పడుకో.