అద్దెకారుకు మా బావగారు చేసిన మరమ్మతు

మాకు కారు ఉంది. ఆ సంగతి ఇంటి ముందు ముసుగు కప్పుకుని ఉన్న ఆకారాన్ని బట్టి ఊహించుకోవాలి. పెళ్లిళ్లకూ హైదరాబాదు దవాఖానలకూ తప్ప అది గేటు దాటదు. మిగతా రోజుల్లో మా ఆయన ఎరువుల దుకాణం తెరవడానికి ముందు ముసుగు తీసి, ఆ కారును తుడిచి, మళ్లీ కప్పేస్తాడు. అంత శ్రద్ధగా ఆయన మా పెళ్లి ఆల్బమ్‌ను కూడా దాచలేదు.

నేను మొగుడంపల్లి వైపు ఒక ఊరి బడిలో సైన్సు చెప్తాను. రోజూ జహీరాబాద్ నుంచి షేరింగ్ ఆటోలో, అల్లం బస్తాల మధ్య నేనూ ఒక బస్తానై వెళ్లివస్తాను. నాకు లైసెన్సు ఉంది. పరీక్షలో మొదటిసారే పాసయ్యాను. అయినా కారు తాళం ఎప్పుడు అడిగినా మా ఆయనది ఒకటే మాట: "గీతలు పడ్తయి." నాకు కాదు, కారుకు.

మొన్నటి దసరా సెలవుల్లో నలుగురం దుబాయ్ చూడటానికి వెళ్లాం. నేను, మా ఆయన, మా బావగారు, మా యారాలు. బావగారంటే మా ఆయనకు అన్న. యారాలు అంటే ఆయన భార్య, నాకు తోడికోడలు. బావగారికి హైవే పక్కన లారీ విడిభాగాల దుకాణం ఉంది. దానివల్ల ఈ భూమ్మీద చక్రాలున్న ప్రతిదీ తన బాధ్యత అని ఆయన నమ్మకం. అక్కడ టాక్సీలు దండగ, కారు అద్దెకు తీసుకుందాం అన్నది ఆయనే. నడిపేది మా ఆయన అన్నదీ ఆయనే.

అద్దె కంపెనీ కౌంటరులో కూర్చున్నావిడ వేరేగా అనుకుంది. కారు ఎవరు నడుపుతారో వాళ్లకు విదేశాల్లో నడపడానికి మన రవాణా ఆఫీసు ఇచ్చే పర్మిట్ ఉండాలి, వాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. అడ్వాన్సు ఆ కార్డు మీదే పట్టి ఉంచుతారు. మా ఆయన పర్మిట్ తీసుకోలేదు. "మనల్ని ఎవడు ఆపుతడు" అన్నది ఆయన అంతర్జాతీయ విధానం. క్రెడిట్ కార్డును ఆయన అప్పు కార్డు అంటాడు కాబట్టి అదీ లేదు. ఇక బావగారు తన లైసెన్సు తీసి బల్ల మీద పెట్టి, "నాది హెవీ లైసెన్స్. లారీ నడిపేటోనికి కారుకు మళ్ల పర్మిట్ ఏంది?" అని ఆ ఫిలిప్పీన్స్ ఆవిడను తెలుగులోనే నిలదీశారు. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు జీతంలో భాగం.

రెండూ ఉన్నది నా దగ్గరే. ముందుచూపు నా గొప్పేమీ కాదు. ఇంట్లో ఇంకెవరూ వాడకపోవడం వల్ల అంతా నాకే మిగిలింది.

కౌంటరు ముందు అన్నదమ్ములిద్దరూ కాసేపు పైకప్పు చూశారు. తర్వాత మా ఆయన ఓడిపోయినవాడు ఉదారంగా మాట్లాడే గొంతుతో అన్నాడు:

"సరే. గీత పడకుండ తిప్పి ఇచ్చినవంటే, జహీరాబాద్ పోయినంక మన కారు తాళం నీదే. రోజూ బడికి తీస్కపో."

"మాటనా?"

"మాటనే. అన్న సాక్షి."

"నేను సాక్షి," అన్నారు బావగారు. ఆ సాక్ష్యం విలువ నాకు తర్వాత తెలిసింది.

ఆవిడ ఇన్సూరెన్సుల గురించి చెప్పింది. తక్కువ కట్టేది తీసుకుంటే కారుకు ఏమైనా అయినప్పుడు ఇంత అని మనమూ పెట్టుకోవాలి. ఎక్కువ కట్టేది తీసుకుంటే మన జేబులోంచి ఏమీ పోదు. నేను ఎక్కువది తీసుకున్నాను. వెనక నుంచి బావగారి నిట్టూర్పు మెడకు తగిలింది.

"గది దండగమ్మా. ఇన్సూరెన్స్ ఎందుకుంటది? పోలీసోడు ఆపితే చూపెట్టేటందుకు. అంతే."

మా దగ్గర నిజంగానే అంతే. జహీరాబాదులో బండికి సొట్ట పడితే ఎవరూ కంపెనీకి ఫోన్ చెయ్యరు. హైవే పక్కన తెలిసిన డెంటింగ్ పనివాడి దగ్గరకు వెళ్తారు, చాయ్ తాగుతారు, సాయంత్రానికి బండి కొత్త పెళ్లికూతురులా వస్తుంది. క్లెయిమ్ పెట్టినవాణ్ణి కొంచెం జాలిగా చూస్తారు, పాపం తెలిసిన మనిషి ఒక్కడూ లేడని.

ఈ ఇన్సూరెన్సు కవర్‌కు షరతులు ఉన్నాయి. వరసలో వెనక ఉన్నవాళ్లు కాళ్లు మార్చుకుంటూ ఉండగా నేను నిలబడి చదివాను, ముఖ్యమైనవి రెండు మా వాళ్లకు తెలుగులో చెప్పాను. ఒకటి, ఎంత చిన్న గీత పడినా పోలీసులను పిలిచి వాళ్ల కాగితం తీసుకోవాలి. రెండు, మన అంతట మనం బాగుచేయించకూడదు. ఈ రెంటిలో ఏది తప్పినా కవర్ లేనట్టే. మా ఆయన తల ఊపాడు. బావగారు కారు టైర్లలో గాలి గురించి ఆలోచిస్తున్నారు.

అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. నేను నడిపాను. ముందు సీటులో బావగారు కూర్చుని తన పాదం కింద లేని బ్రేకును గట్టిగా తొక్కుతూ, "లెఫ్ట్‌కు తీస్కో, లెఫ్ట్‌కు!" అని దారి చూపించారు. ఆయన చెప్పినట్టు చేసి ఉంటే ఈ జ్ఞాపకం ఇంకెవరో రాయాల్సి వచ్చేది.

అందరం చెక్కుచెదరకుండా తిరిగాం, తిరిగివచ్చే రోజుకు ముందు రోజు దాకా. ఆ మధ్యాహ్నం ఒక పెద్ద మాల్ పార్కింగులో కారు పెట్టి లోపలికి వెళ్లాం. ఏమీ కొనకుండా అన్నిటి ధరలూ కనుక్కుని బయటికి వచ్చేసరికి వెనక తలుపు మీద చిటికెన వేలంత గీత ఉంది. పక్కన ఆగి వెళ్లిపోయిన కారు తలుపేదో తగిలినట్టుంది. నేను ఫోన్ తీశాను.

"ఎవరికి?" అన్నాడు మా ఆయన.

"పోలీసులకు. కాగితం కావాలె గద."

"నీకు పిచ్చా? పిలిచి మరీ అప్పజెప్తవా?"

"అరబ్బు పోలీసులమ్మా," అన్నారు బావగారు, ఆ మాట అనగానే చుట్టూ చూసుకుని. "లోపలేసిన్రనుకో, జమానతు ఇచ్చేటందుకు జహీరాబాద్ నుంచి ఎవరొస్తరు?"

"పిలవాల్నని వాళ్లే రాసిన్రంట గద," అంది మా యారాలు.

"నువ్వు ఊకో. రాస్తరు. రాసిందంతా చేస్తే బతుకుతమా?"

నా ఫోనులో చార్జింగ్ అయిపోవచ్చింది. ఆ సమయంలో చార్జింగ్ నిండుగా ఉన్న ఫోన్లు రెండు ఆ ఇద్దరి జేబుల్లో ఉన్నాయి, అక్కడే ఉండిపోయాయి. హోటలుకు పోయి చేస్తానన్నాను. ఇద్దరూ ఎంత సులువుగా ఒప్పుకున్నారంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

గదిలో నేను ఫోన్ చార్జింగుకు పెట్టి, మొహం కడుక్కుని, యారాలుతో చాయ్ తాగేసరికి అన్నదమ్ములు కనపడలేదు. కిందికి దిగితే, నేలమాళిగ పార్కింగులో రంగు వాసన ముక్కు పగలగొట్టింది. బావగారు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన గరుకు కాగితం, తెల్ల రంగు స్ప్రే డబ్బా, ఎక్కడిదో ఒక పాత మలయాళం పేపరు. మా ఆయన ఎవరైనా వస్తున్నారా అని కాపలా కాస్తున్నాడు. నన్ను చూడలేదు. కాపలా నాణ్యత కూడా అదే.

చిటికెన వేలంత గీత లేదు. దాని స్థానంలో జొన్నరొట్టె అంత తెలుపు ఉంది. కారు ముత్యం మాదిరి తెలుపు. బావగారిది సున్నం తెలుపు. మధ్యలో రెండు ధారలు కిందికి జారి ఎండిపోయాయి. ఒక మూల మలయాళం అక్షరాలు అతుక్కుని, తిరగేసి చదువుకోవడానికి వీలుగా ఉన్నాయి.

"ఇగ చూడు," అన్నారు బావగారు లేచి, మోకాళ్లు దులుపుకుంటూ. "వాళ్ల అబ్బ దిగొచ్చినా గుర్తుపట్టలేడు."

"వాళ్ల అబ్బ ఎందుకు, నేనే గుర్తుపడ్తున్న," అంది మా యారాలు.

ఇప్పుడు పోలీసులను పిలిచి ఏం చెప్పాలి? గీత ఎక్కడ అని అడుగుతారు. మా దగ్గర గీత లేదు, రొట్టె ఉంది.

మర్నాడు విమానాశ్రయంలో కారు అప్పజెప్పాం. కంపెనీ ఉద్యోగి ఒకాయన చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. వెనక తలుపు దగ్గర మాత్రం, మ్యూజియంలో బొమ్మ ముందు ఆగినట్టు ఆగాడు. దగ్గర నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి తీశాడు. "థాంక్యూ మేడమ్" అన్నాడు. అంతే. విమానంలో సీటు బెల్టు పెట్టుకుంటూ బావగారు నా వైపు వంగి, "చూసినవా? ఒక్క మాట అన్నడా?" అన్నారు. పనివాడి గురించి అతని పనే మాట్లాడుతుందని ఆయనకు ఎప్పుడూ తెలియలేదు.

మెయిల్ నాకు బడిలో, స్టాఫ్ రూములో కూర్చుని ఉండగా వచ్చింది. ఫోటోలు జతచేశారు. పెద్దవిగా చూస్తే మలయాళం అక్షరాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. తలుపు మొత్తం గీకి మళ్లీ రంగు వేయడానికి అయిన ఖర్చును నా కార్డు మీద పట్టి ఉంచిన అడ్వాన్సు నుంచి తీసుకున్నారట. కారు షెడ్డులో ఉన్న రోజులకు అద్దె అదనం. ఎంతో రాయను. రాస్తే మా ఆయన ఈ పేజీ చింపేస్తాడు. పోలీసు కాగితంతో గీత అలాగే తెచ్చి ఉంటే మీరు ఏమీ కట్టాల్సిన అవసరం ఉండేది కాదని, సొంతంగా బాగుచేయించారు కాబట్టి కవర్ వర్తించదని చాలా మర్యాదగా రాశారు. చివర, మళ్లీ మీకు సేవ చేసే భాగ్యం కోసం ఎదురుచూస్తుంటామన్నారు. అది మాత్రం నిజమే అనుకుంటాను. మాలాంటివాళ్లు వాళ్లకు రోజూ దొరకరు.

నేనూ మర్యాదగానే జవాబు రాశాను. కారు షెడ్డులో ఉన్న రోజులకు ఆధారం చూపమన్నాను, రంగు వేసిన షెడ్డు బిల్లు పంపమన్నాను. బిల్లు పంపారు. రోజుల ఆధారం దొరకలేదేమో, ఆ అద్దె మాత్రం తిరిగి వేశారు. తలుపు తలుపే. దాని మీద వాదించడానికి నా దగ్గర ఏముంది? మా బావగారి హస్తకళ తప్ప.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ. మా అత్తమ్మ వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మామయ్య పోయినప్పటి నుంచి మా ఇంట్లో మాట పెద్దకొడుకుది, తీర్పు అత్తమ్మది. మా ఆయన నిలబడి, ఒక్క అబద్ధం కూడా లేకుండా, జరిగిందంతా తలకిందులుగా చెప్పాడు.

"అమ్మా, దుబాయిల కారుకు గీత పడ్డది. పైసలు పట్టుకున్నరు."

"ఎవరు నడిపిన్రు?"

"ఈమెనే."

"ఇగేంది మరి," అంది అత్తమ్మ, గింజ పక్కన పడేస్తూ. కేసు కొట్టేసినంత తేలిగ్గా.

"నేను జర సర్దిన గాని..." అన్నారు బావగారు, వినయంగా. సర్దారట.

నేను నోరు తెరిచాను. యారాలు నా వైపు చూసింది. ఆపమనో చెప్పమనో ఆ చూపులో తెలియలేదు. ఈలోగా మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాడు.

"ఏయ్, జర ఊకో. అన్న ఇజ్జత్. హైవే మీద బండ్లోళ్లంతా ఆయన మాటనే ఇంటరు. గిది బయటికి పోతే దుకాణంల ఏం మొహం పెట్టుకుని కూసుంటడు? అమ్మ ముందట అసలే వద్దు."

"అంటే గీత నేనే పెట్టిన్నని ఒప్పుకోవాల్నా?"

"ఊకుంటే చాలు. ఒప్పుకోకు."

మా ఇంట్లో న్యాయం ఇంత సున్నితంగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఊకుంట," అన్నాను. "తాళం?"

"గీత పడ్డది గద. మాట గట్లనే గద అనుకున్నం."

"మంచిది. తలుపు ఖర్చు దేనికైందో మెయిల్ల రాసిన్రు. అత్తమ్మకు తెలుగుల చదివి వినిపిస్త. బయట లారీ డ్రైవర్లకు హిందీల చెప్పమన్నా చెప్త."

మా ఆయన పప్పు డబ్బాల అరను చాలాసేపు చూశాడు. అందులో పప్పే ఉంది. చివరికి జేబులో చెయ్యి పెట్టాడు. తాళం నా చేతిలో పడింది. వెచ్చగా ఉంది, రోజంతా అక్కడే కూర్చున్నట్టు.

"రివర్స్ తీసేటప్పుడు..." అన్నాడు.

"చూసుకుంట."

ఆ సోమవారం నుంచి నేను కారులో బడికి పోతున్నాను. ముసుగు మడిచి డిక్కీలో పెట్టాను. ఊళ్లో నా పేరు మారింది. మా ఆయన దుకాణానికి వచ్చే రైతులు కూడా "దుబాయిల కారు గుద్దిన టీచరమ్మ మీ ఇంటామెనేనా" అని అడుగుతున్నారట. గీత గుద్దడంగా ఎదిగింది. ఇంకో రెండు నెలలకు పల్టీ కొడుతుందని అంచనా. ఆ మాటను నేను ఎవరి దగ్గరా సవరించలేదు. ఆటోలో పొద్దున్నే పక్కవాళ్ల మోచేతులు భరించిన మనిషికి ఇది బరువేమీ కాదు.

మొన్న ఆదివారం కోహీర్‌లో ఒక పెళ్లి. బావగారి బండి షెడ్డులో ఉందట. బహుశా తనే బాగుచేసుంటారు. నా పక్క సీటులో కూర్చున్నారు, వెనక యారాలు. జహీరాబాద్ దాటకముందే ఆయన పాదం అలవాటుగా నేలను తొక్కడం మొదలుపెట్టింది. ఎదురుగా చెరకు బండి వచ్చింది, నేను పక్కకు తీశాను.

"నిమ్మళంగమ్మా," అన్నారు బావగారు. ఆయన గొంతులో వెక్కిరింపు లేదు, దాపరికం లేదు, నిజమైన దయ ఉంది. "దుబాయిల చేసినట్టు చేయకు. అప్పుడంటే నేనున్న, సర్దిన."

అద్దంలో చూశాను. వెనక సీటులో యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు నిజంగానే అలా గుర్తుంది.

"సరే బావ," అని గేరు మార్చాను.