విప్పి చూడవే

రామచంద్రపురంలో పంపుసెట్లు బాగుచేసే మా మావయ్య, నాకు తెచ్చే ప్రతి బొమ్మలోనూ ముందే ఏదో ఒకటి ఊడదీసి ఉంచేవాడు. కీ ఇచ్చినా కారు కదిలేది కాదు, పడవలో మోటారు తిరిగేది కాదు. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, "విప్పి చూడవే" అనేవాడు.

"ఆడపిల్లకి ఇవేంటన్నయ్యా?" అని అమ్మ విసుక్కునేది. ఆయనకు ఆ మాట వినపడేది కాదు.

మొన్న దాళ్వా పంటకి నీళ్లు వదిలే రోజున కాలువ గేటు సగంలో బిగుసుకుపోయింది. అక్కడ కొత్తగా చేరిన ఇంజనీరుని నేనే. గేర్‌బాక్సు విప్పడానికి కూర్చున్నాను. గట్టు మీద ఒక రైతు, నన్ను చూడ్డానికొచ్చిన మావయ్యని అడిగాడు.

"ఈ అమ్మాయి వల్ల అవుద్దంటారా?"

"అవుద్దండి. ఈ పిల్లకి నేనెప్పుడూ పనిచేసే బొమ్మ ఇవ్వలేదు."