ఐరన్ మాత్రలు పారేసిందన్న నింద

గిద్దలూరులో చాలా ఏళ్ళు చేశాక, రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు మార్కాపురంలో ఒక నర్సింగ్ హోం ల్యాబులో సీనియర్ టెక్నీషియన్‌గా చేరాను. అక్కడి యంత్రం కాస్తంత రక్తానికి ఇరవై లైన్ల రిపోర్టు ఇచ్చేది. మా డాక్టరు గారు హిమోగ్లోబిన్ ఉన్న లైను ఒక్కటే చదివేవారు. మిగతావి కాగితం నింపడానికి వేశారని ఆయన ఉద్దేశం కాబోలు. తక్కువుంటే ఐరన్ మాత్రలు, పెరగకపోతే తిట్లు. అంత పెద్ద చదువుకు ఇంతే వైద్యం.

నాగమణి యర్రగొండపాలెం వైపు గొర్రెలు కాసే ఇంటి పిల్ల. మేనమామ కొడుకునే చేసుకుంది. కడుపుతో ఉంది, మూడో నెల. రెండోసారి కూడా హిమోగ్లోబిన్ తొమ్మిది దాటలేదు. మాత్రలు పారేస్తున్నావని డాక్టరు గారు హాల్లో అందరి ముందూ తిట్టారు. పక్కనున్న అత్త అందుకుంది.

మళ్ళీ రక్తం తీస్తుంటే ఆ పిల్ల తలెత్తకుండా అంది: "మింగుతానే ఉండాను సార్. దొడ్డికి నల్లగా పోతాంది. ఇంగేం సాక్ష్యం చూపియ్యాల?"

ఐరన్ వేసుకుంటే అట్లాగే అవుతుంది. అది తెలియడానికి ఎం.డి. అక్కర్లేదు. అప్పుడు రిపోర్టు మొత్తం చదివాను. ఐరన్ లోపమైతే ఎర్రకణాలు చిన్నవవుతాయి, మామూలుగా సంఖ్య కూడా తగ్గుతుంది. ఈమె కణాలు బాగా చిన్నవి, సంఖ్య మాత్రం ఎక్కువ. తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు లక్షణాన్ని మోసేవాళ్ళ తీరది. ఆమెకు ప్రమాదం లేదు. కానీ భర్తదీ అదే రక్తం. అతనిలోనూ ఉంటే, పుట్టే బిడ్డకు బతికినన్నాళ్ళూ రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

డాక్టరు గారికి చెప్పాను. టెక్నీషియన్లు అంకెలివ్వాలి, రోగాలు చెప్పకూడదన్నారు. రూలు అదే. ఆ రూలు చాటున నేనూ ముప్పై ఏళ్ళు హాయిగా గడిపాను. పాత రిపోర్టులు తీసి చూస్తే రెండింటిలోనూ అవే అంకెలు, కింద నా సంతకం. నా మీద నాకే అసహ్యం వేసింది.

రూలు పక్కన పెట్టి, భార్యాభర్తలిద్దరి రక్తమూ తలసీమియా పరీక్షకు కర్నూలుకు పంపించాను. ఆమెలో లక్షణం ఉంది, అతనిలో లేదు. బిడ్డకు గండం గడిచింది. అందులో మా ప్రతిభ ఏమీ లేదు.

నాగమణి అడిగింది ఒక్కటే: "నేను పారెయ్యలేదని మా అత్తకు చెప్పండి సార్." అదే హాల్లో, అందరూ వినేట్టు చెప్పాను. డాక్టరు గారు కొత్త రిపోర్టు తెప్పించుకుని, హిమోగ్లోబిన్ చూసి, మళ్ళీ ఐరన్ రాశారు.

సంతకం పెట్టేముందు కాగితం మొత్తం చదవాలి. నేను రెండుసార్లు చదవకుండా పెట్టిన సంతకానికి తిట్లు తిన్నది ఆ పిల్ల.