ఏడో నంబరు గదిలో పదహారు ప్రశ్నలు

2004 జూన్‌లో నన్ను మా బడిలో ప్రపంచ పౌరసత్వ కార్యక్రమానికి కోఆర్డినేటర్‌గా వేశారు. అప్పటికి పద్నాలుగేళ్లుగా బెంగళూరు దక్షిణపు అంచున ఉన్న ఆ క్యాథలిక్ బడిలో సోషల్ చెబుతున్నాను. కోఆర్డినేటర్ అన్నది పేరుకే హోదా. జీతం పెరగదు, పీరియడ్లు తగ్గవు. పైన ప్రిన్సిపాల్ సిస్టర్, కింద తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో నలభై ఎనిమిది మంది ఆడపిల్లలు, మధ్యలో నేను. మా సిస్టర్ల సంఘానికి ఐరోపాలోనూ బడులున్నాయి. అక్కడి పిల్లలూ ఇక్కడి పిల్లలూ తమ చుట్టుపక్కల జనం ఎలా బతుకుతున్నారో స్వయంగా చూసి, ఒకరికొకరు నివేదికలు పంపుకోవాలి. శనివారం చివరి రెండు పీరియడ్లు అందుకే కేటాయించారు.

పద్ధతి నేనే తయారుచేశాను. నలుగురు పిల్లలు ఒక జట్టు. ఒకమ్మాయి ప్రశ్నలడుగుతుంది, ఒకమ్మాయి రాస్తుంది, మూడో అమ్మాయి మాట్లాడకుండా ఇల్లంతా గమనించి కాగితం వెనక రాస్తుంది, నాలుగో అమ్మాయి చివర కృతజ్ఞతలు చెబుతుంది. ఫారంలో పదహారు ప్రశ్నలు. ఇంట్లో ఎందరు, నీళ్లెక్కడివి, మరుగుదొడ్డి ఎన్ని కుటుంబాలకు ఒకటి, ఇంట్లో ఎవరైనా తాగుతారా, పిల్లలెక్కడ చదువుతున్నారు, ఇలా. దాన్ని చూసి సిస్టర్ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉందని అప్పుడు తెలియదు.

మా అడ్మిషన్ పద్ధతి గురించి కూడా ఇక్కడ చెప్పాలి. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే క్రైస్తవ కుటుంబాల పిల్లల్ని చర్చి ఫాదర్ ఉత్తరం మీద చేర్చుకునేవాళ్లం. ఆ కుటుంబాలు తరచూ అద్దె గదులు మారతాయి గనక రిజిస్టర్‌లో చిరునామా గడిలో చర్చి చిరునామానే రాసేవాళ్లం. ప్రోగ్రెస్ రిపోర్టులు కూడా చర్చికే వెళ్లేవి. బి సెక్షన్‌లో పదకొండు మంది పిల్లలకు అదే చిరునామా. పదకొండు మంది చర్చిలో కాపురముండరని నాకు ఒక్కనాడైనా తట్టలేదు.

సర్వేకి హెబ్బగోడిలో ఒక వఠారం ఎంచుకున్నాను. పన్నెండు గదులు, రెండు వరసలు, మధ్యలో ఒక కుళాయి. దాని ఓనరు కూతురు మా పాత విద్యార్థిని. ఆయన్ని వెళ్లి అడిగితే, "రాండి మేడమ్, ఏం ఇబ్బంది లేదు, అందరూ మనోళ్లే" అన్నాడు. శుక్రవారం క్లాసులో వఠారం పేరు బోర్డు మీద రాశాను. ఇంటర్వెల్‌లో జెసింత నా దగ్గరికొచ్చింది. మా క్లాసులో మొదటి ముగ్గురిలో ఉండే పిల్ల.

"కడుపునొప్పి మిస్, రేపు రాలేను" అంది.

"ఈ రోజు నొప్పికి రేపు సెలవేమిటే? జ్వరమొచ్చినా రావాలి" అన్నాను.

శనివారం వఠారంలో అడుగుపెట్టగానే కుళాయి దగ్గరున్న ఆడవాళ్లు మాటలు ఆపేసి మమ్మల్నే చూశారు. కొత్తవాళ్లం కదా అనుకున్నాను. ఏ జట్టుకు ఏ గది అన్నది చీటీలు తీశాం. జెసింత జట్టుకు ఏడో నంబరు వచ్చింది. తలుపు తీసిన ఆవిడకు తెలుగు తప్ప మరో భాష సరిగా రాదు. జట్టులో మిగతా ముగ్గురికీ తెలుగు రాదు. అడగాల్సిన అమ్మాయి తెల్లమొహం వేసింది. నేను ఫారం జెసింత చేతిలో పెట్టి, "నీకు తెలుగు వచ్చు కదా, నువ్వే అడిగి నువ్వే రాయి" అని భుజం పట్టుకుని ముందుకు తోశాను.

ఆవిడ ఒక్క క్షణం మా వైపు చూసి, "రాండమ్మా, కూర్చోండి" అని చాప పరిచింది.

జెసింత అడిగింది, ఆవిడ చెప్పింది. పేరు రత్నమ్మ. సొంతూరు కదిరి వైపు. మాత్రలు ప్యాకింగ్ చేసే కంపెనీలో పని, ఆ వారం రెండో షిఫ్టు. భర్త జిగణిలో వెల్డరు. ఎనిమిదో ప్రశ్నకు, "తాగుతాడు. ఎప్పుడన్నా కొడతాడు కూడా. రాసుకో" అంది. పిల్లల గురించి అడిగినప్పుడు మాత్రం కాస్త ఆగింది.

"ఒక పాప ఉండాది. ఊర్లో మా అమ్మ కాడ చదువుతాది" అంది.

అన్ని ఫారాల్లోకీ శుభ్రంగా నింపింది ఆ ఫారమే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అందరి ముందూ జెసింతను మెచ్చుకున్నాను. ఆ పిల్ల కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

సోమవారం జెసింత బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ఫారాలు దిద్దుతూ ఏడో గదిది తిప్పాను. కాగితం వెనక, గమనించే పనిలో ఉన్న అమ్మాయి ఇంగ్లిషులో రాసింది: 'తాడు మీద మన బడి యూనిఫాం రెండు జతలు ఆరేసి ఉన్నాయి. బహుశా ఈమె మన పిల్లల బట్టలు ఉతుకుతుంది.'

 లేచి ఆఫీసుకు పోయి అడ్మిషన్ రిజిస్టర్ తీయించాను. జెసింత. తల్లి పేరు రత్నమ్మ. ఓరి దేవుడా అనుకున్నాను. ఆ పిల్లను సొంత ఇంటి ముందు నిలబెట్టి, కన్నతల్లినే 'మీ పేరేమిటి' అని అడిగించాను. నాన్న తాగి కొడతాడని ఆ చేత్తోనే రాయించాను. ఆవిడ నలుగురి ముందూ కూతురి పరువు దక్కించడానికి కూతురు కాదన్నట్టు మాట్లాడింది. కుళాయి దగ్గర ఆడవాళ్లందరికీ తెలుసు, ఒక్కరూ నోరు మెదపలేదు. తెలియంది బడి నుంచి వెళ్లిన మాకే. 

బుధవారం పొద్దున రెండు పీరియడ్లకు పర్మిషన్ తీసుకుని, ఫారం పట్టుకుని వెళ్లాను. జెసింత గదిలో ఓ మూల కూర్చుని ఉంది. లేచి నిలబడింది కానీ గుడ్ మార్నింగ్ చెప్పలేదు.

"టీసీ ఇప్పించండి మేడమ్. బడికి రానంటాది" అంది రత్నమ్మ.

తప్పయిపోయింది, నాకు తెలియక జరిగిందన్నాను.

"అదే గదా మేడమ్. ఏడేండ్లుగా మీ బళ్లో ఉండాది. యాడుంటాదో మీకు తెల్దు."

 ఆవిడ నా చేతిలోని ఫారం తీసుకుని కూతురికిచ్చింది. "అడుగు మేడమ్‌ను. మొన్న నన్నడిగినట్లే అడుగు."

జెసింత తల్లి వైపు, నా వైపు చూసింది. చివరకు అడిగింది. పేరు చెప్పాను. ఊరు చెప్పాను. ఇంట్లో ముగ్గురికి రెండు మరుగుదొడ్లని చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. ఎనిమిదో ప్రశ్న వచ్చింది. ఇంట్లో ఎవరైనా తాగుతారా?

మావారు పనిచేసే ఫ్యాక్టరీ మూతబడి అప్పటికి రెండేళ్లు. ఆ రెండేళ్లూ రోజూ తాగేవారు. ఆ సంగతి స్టాఫ్ రూమ్‌లోనే కాదు, సొంత చెల్లెలికి కూడా నేను చెప్పలేదు. తల వంచుకుని కూర్చున్నాను.

"పలకరే మేడమ్? నేను పిల్లోల్ల ముందర చెప్తిని" అంది రత్నమ్మ.

"తాగుతారు" అన్నాను. వెంటనే, "రాయొద్దమ్మా" అన్నాను.

జెసింత నా మొహంలోకి చూసి, "మా నాన్నది నేను రాసినాను గదా మిస్" అంది.

 తొమ్మిదో ప్రశ్న ఎవరూ అడగలేదు. రత్నమ్మ టీ పెట్టింది. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ఫారం అక్కడే వదిలేసి వచ్చాను. జెసింత ఆ పై సోమవారం క్లాసుకు వచ్చి తన బెంచీలో కూర్చుంది. ఆ సంవత్సరమంతా నేను అడిగినదానికే జవాబిచ్చింది, అంతకు మించి నాతో మాట్లాడలేదు. పరీక్షల్లో మాత్రం రెండో స్థానం వచ్చింది.

ఐరోపాకు వెళ్లిన నివేదికలో పదకొండు గదులే ఉన్నాయి. జరిగిందంతా సిస్టర్‌కు చెప్పాను, మావారి సంగతి తప్ప. రిజిస్టర్‌లో చర్చి చిరునామా రాయడం ఆ ఏడే మాన్పించారు. మరుసటి ఏడు సర్వేకి నేనొక నియమం పెట్టాను. ఏ ప్రశ్నయినా ఫారంలోకి ఎక్కాలంటే, ముందు టీచరు క్లాసులో పిల్లలందరి ముందూ నిలబడి దానికి జవాబు చెప్పాలి. పదహారు ప్రశ్నలూ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చదువుకున్నాను. ఫారంలో ఐదు మిగిలాయి.