మహేంద్రమంగళంలో పదో ఇల్లు

మద్రాసులోని మా భజన సమాజం నన్ను ధర్మపురి వైపు అరవదేశపు పల్లె మహేంద్రమంగళం పంపింది. అక్కడి తెలుగు కుటుంబాలవారు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా తెలుగు అక్షరాలు ఎరగరు. పది ఇళ్లవారు పిల్లలను పంపుతామంటే తెలుగు పంతులును ఇస్తామని సమాజం మాట. భగవన్నామాన్ని తల్లినుడిలో చదువుకోలేని బతుకు సగం చీకటేనని గట్టిగా నమ్మినవాణ్ణి నేను.

ఉదయం ఆరింటికి మొరప్పూరులో రైలు దిగాను. ధర్మపురి చిన్నరైలు పట్టాలను యుద్ధానికని పీకేశారు. వెళ్లేవారు బస్సునే నమ్ముకోవాలి. బొగ్గుతో నడిచే ఆ బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. పక్కనున్న మేకల బేరగాడు నా మూటలోని వాచకాలు చూసి నవ్వాడు.

"ఇంట్లో మేకలతో గూడా తెలుగే సామీ. సంతకు తోలుకొని పోతే అవీ అరవమే."

పాలక్కోడులో బస్సు దిగి రాగిసంకటి తిని, ఎండలో నడిచి మూడింటికి ఊరు చేరాను. భజనగుడి అరుగు మీద బస. మరునాడు మధ్యాహ్నానికి తొమ్మిది ఇళ్లు ఒప్పుకున్నాయి. పదోది మునెమ్మ ఇల్లు. ఆమె కొడుకు పటాలంలో చేరి బర్మా వైపు పోయాడు. ఇంట్లో మిగిలింది కూతురు. నేను బడి సంగతి ఎత్తేలోపే ఆమె ఒక ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది. వచ్చి రెండు రోజులైందట, చదివిపెట్టే అరవ బడి అయ్యవారు ఊళ్లో లేడట.

అది అరవ లిపి. నాకు ఒక్క అక్షరం తెలియదు. చదువు పంచడానికి వచ్చినవాణ్ణి ఆ మాట ఒప్పుకోలేక, కాగితం చూస్తూ నిలబడిపోయాను. నా మౌనాన్ని ఆమె చావుకబురు అనుకుంది. గోడ వెంట కిందికి జారి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకిది చదవడం రాదమ్మా," అన్నాను.

ఆమె నోట్లోంచి కొంగు తీసింది. "రాకుంటే చేతికి ఏల తీసుకొంటివి సామీ?"

మరునాడు ఇద్దరం పాలక్కోడు తపాలాఫీసుకు నడిచాం. పది గంటలకు గుమాస్తా చదివాడు. కొడుకు బతికే ఉన్నాడు. ఆస్పత్రిలో ఉన్నాడు, కుడిచేతి వేళ్లు పోయాయి. ఉత్తరం రాసిపెట్టింది పక్క మంచం మీది అరవ సిపాయి. ఇంటినుంచి జవాబు వస్తే అతనే చదివి వినిపిస్తాడట.

"మా పాప మీ బడికి రాదు సామీ," అంది మునెమ్మ. "వాళ్లన్నకు జాబు రాయాల గదా, అయ్యవారి కాడ అరవం నేర్సుకుంటాది. మీ తెలుగు ఆడ ఎవురు సదువుతారు?"

రెండూ నేర్చుకోవచ్చు అనబోయాను. పగలంతా ఆ పిల్ల పశువుల వెంటే ఉంటుందని, రెండు చదువులకు తీరిక దొరకదని గుర్తొచ్చి ఊరుకున్నాను. తొమ్మిది ఇళ్లకు సమాజం పంతులును పంపదు. ఆ సంగతి మిగతావారికి చెప్పడానికి మళ్లీ ఊళ్లోకి వెళ్లే ధైర్యం చాలక, అటునుంచి అటే మొరప్పూరు బస్సెక్కాను.

సాయంత్రం మద్రాసు రైలులో సంధ్యవేళ ప్రార్థనకు కళ్లు మూసుకున్నాను. ఆ పిల్ల అరవంలో రాయబోయే జాబు క్షేమంగా చేరాలని స్వామిని వేడుకున్నాను. బడి కోసం వేడుకోవడానికి నాకు నోరు రాలేదు.